రాత్రి నగరాలు – 9: జెఫర్సన్ వీధి గిడ్డంగి

షికాగో నగర మండలి 2023 జూన్‌లో ఒక పాత పారిశ్రామిక భవనాన్ని చారిత్రక కట్టడాల జాబితాలో చేర్చింది. చిరునామా 206, సౌత్ జెఫర్సన్ వీధి. యూనియన్ స్టేషన్‌లో దిగి పడమరకు నడిస్తే ఎంతో దూరం లేదు. అరోరా, నేపర్‌విల్‌ల నుంచి పొద్దున్నే రైల్లో ఆఫీసులకు వచ్చే మన తెలుగువాళ్ళు దిగేది ఆ స్టేషన్‌లోనే. 1910లో కట్టిన మూడంతస్తుల మేడ అది. ఆకాశహర్మ్యాల పుట్టిల్లని పేరుపడ్డ ఊళ్ళో, కట్టడాలు చూడటానికి వచ్చినవాళ్ళు దాని ముందు ఆగాల్సిన పనేమీ లేదు. పేరున్నవాళ్ళు కాపురమున్న ఇల్లూ కాదు. 1977 నుంచి 1982 దాకా శనివారం రాత్రుళ్ళు అందులో జనం తెల్లవార్లూ డాన్సు చేశారు. నగరం ఆ గోడల్ని కాపాడుతున్నది అందుకే.

డాన్సుకు ఆనవాళ్ళేం మిగులుతాయి? ఫొటోలు అతి తక్కువ. పెద్ద పత్రికలు ఆ రోజుల్లో అటు తొంగి చూడలేదు. పంచిపెట్టిన చిన్న కార్డులు కొన్ని దొరికాయి, వాటిని అక్కడివాళ్ళు ‘ప్లగ్గర్లు’ అనేవాళ్ళు. అరిగిపోయిన క్యాసెట్లు కొన్ని ఉన్నాయి. మిగతాదంతా అప్పుడు ఇరవై ఏళ్ళ వయసులో ఉండి, ఇప్పుడు అరవైలు, డెబ్బైలలో పడ్డ మనుషుల మాట. ఈ విడత చాలావరకు ఆ మాట మీదే నడుస్తుంది. వాళ్ళ జ్ఞాపకాలు ఒకదానితో ఒకటి పొసగవని ముందే చెబుతున్నాను. నాకు ఆసక్తి కలిగిందీ ఆ పొసగని చోట్లలోనే.

పోయిన విడతలో న్యూయార్క్‌లో ఆగాం. డేవిడ్ మన్కూసో తన ఇంటినే డాన్సు హాలు చేసుకున్న ‘ద లాఫ్ట్’ (1970), కాంటినెంటల్ బాత్స్‌లో పాటలు వేయడం నేర్చుకున్న ఇద్దరు నల్ల కుర్రాళ్ళు లారీ లెవాన్, ఫ్రాంకీ నకల్స్. రాబర్ట్ విలియమ్స్ అనే న్యూయార్క్ మనిషి షికాగో చేరి, అక్కడ సొంతంగా ఒక క్లబ్ పెట్టాలనుకున్నప్పుడు ముందు అడిగింది లెవాన్‌ని. లెవాన్ న్యూయార్క్ వదిలి రానన్నాడు. ఆ తర్వాత కింగ్ వీధిలోని ‘పారడైజ్ గరాజ్’ అతని సామ్రాజ్యమైంది. రెండో పేరు ఫ్రాంకీది. 1977 మార్చిలో జెఫర్సన్ వీధి మేడలో ‘వేర్‌హౌస్’ తెరిచేనాటికి అతనికి 22 ఏళ్ళు. బ్రాంక్స్‌లో పుట్టి పెరిగినవాడు, షికాగోలో బంధువులూ లేరు, పేరూ లేదు.

వెళ్ళినవాళ్ళు ముందుగా గుర్తు చేసుకునేది మెట్లు. చీకట్లో మెట్లెక్కి పైకి వెళితే కూర్చునే చోటు. అక్కడి నుంచి కిందికి దిగితే డాన్స్ ఫ్లోరు. ఇంకా కింద, నేలమాళిగలో పళ్ళరసం, మంచినీళ్ళు, చిరుతిళ్ళు. వేడి ఎంతుండేదంటే గోడలు కూడా చెమట కార్చేవని చెబుతారు. పాట చెవికి చేరకముందే నేలలోంచి కాళ్ళలోకి ఎక్కేదని చెబుతారు. ఇంకో జ్ఞాపకం పదిమందీ చెప్పేది, ఫ్రాంకీ స్వయంగా ఒప్పుకున్నది: దీపాలన్నీ ఆర్పేసి, స్పీకర్లలో రైలు దూసుకొచ్చే చప్పుడు వేసేవాడు. గోడ బద్దలుకొట్టుకుని ఎక్స్‌ప్రెస్ రైలు లోపలికి వచ్చేస్తోందన్నంత గట్టిగా. జనం కేకలు పెట్టేవాళ్ళు. ఆ కేకల మీద దరువు మొదలయ్యేది.

మద్యం అమ్మేవాళ్ళు కాదు. ఇందులో నీతి కన్నా లెక్క ఎక్కువ. మద్యం అమ్మే చోటికి మూసివేత వేళ ఉంటుంది, పళ్ళరసం అమ్మే చోటికి ఆ నియమం వర్తించదు. కాబట్టి శనివారం రాత్రి మొదలైన పాట ఆదివారం పొద్దెక్కేదాకా సాగేది. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది నల్లజాతి, లాటినో గే యువకులు. ఊరికి ఉత్తరాన ఉన్న తెల్లవాళ్ళ గే బార్లలో నల్లవాడు గుమ్మంలో కనిపిస్తే ఒకటికి రెండు గుర్తింపు కార్డులు అడిగే ఆనవాయితీ ఉన్న రోజులవి. సొంత పేటల్లోనేమో ఇంట్లో, వీధిలో, చర్చిలో తాము ఎవరో చెప్పుకోలేని పరిస్థితి. ఫ్రాంకీ ఆ చోటుని చర్చితో పోల్చాడు. ఆ తర్వాత నలభై ఏళ్ళుగా ప్రతి ఇంటర్వ్యూలోనూ, ప్రతి డాక్యుమెంటరీలోనూ అదే పోలిక వినిపించి అరిగిపోయింది. అయినా దాన్ని కొట్టిపారేయలేం. శనివారం రాత్రి అక్కడ నిద్ర మానుకున్నవాళ్ళలో కొందరు ఆదివారం నేరుగా నిజం చర్చికి, తల్లి పక్కన కూర్చోవడానికి వెళ్ళేవాళ్ళు.

క్లబ్ తెరిచి రెండేళ్ళు దాటాక, ఊళ్ళో ఇంకో చోట ఒక సంఘటన జరిగింది. 1979 జూలై 12, కొమిస్కీ పార్క్ బేస్‌బాల్ మైదానం. స్టీవ్ డాల్ అనే రేడియో వ్యాఖ్యాత డిస్కో సంగీతం మీద యుద్ధం ప్రకటించాడు. డిస్కో రికార్డు ఒకటి తెచ్చినవాళ్ళకి టికెట్ 98 సెంట్లే. యాభై వేల మంది దాకా వచ్చారు. రెండు ఆటల మధ్య విరామంలో, పోగేసిన రికార్డుల పెట్టెని మైదానం నడుమ పేల్చేశారు. జనం మైదానంలోకి ఉరికారు, గడ్డి పెరికారు, మంటలు పెట్టారు. రెండో ఆట రద్దయి, షికాగో జట్టు ఓడినట్టు ప్రకటించారు. ఆ రాత్రిని తలుచుకుంటే డాల్‌కి అది కుర్రకారు అల్లరి. అక్కడే సీట్లు చూపించే ఉద్యోగం చేస్తున్న విన్స్ లారెన్స్ అనే నల్ల కుర్రాడికి మాత్రం వేరే సంగతి గుర్తుంది. సింథసైజర్ కొనుక్కోవడానికి డబ్బు కూడబెట్టుకుంటున్న పిల్లవాడతను. జనం చేతుల్లోని రికార్డుల్లో చాలావాటికి డిస్కోతో సంబంధమే లేదని గమనించాడు. నల్లవాళ్ళు పాడినవి కావడమే వాటి నేరం. రెండూ ప్రత్యక్ష సాక్షుల మాటలే. కానీ పెట్టెలో పడ్డ రికార్డుల మాట వచ్చేసరికి, వాటిని గుమ్మం దగ్గర కళ్ళారా చూసినవాడి మాటకే నేను ఎక్కువ విలువిస్తాను.

(షికాగోలో డిస్కోని తగలబెట్టిన మరుసటి ఏడాదే ‘కుర్బానీ’లో నాజియా హసన్ గొంతు మన దగ్గర ఊరూరా మోగింది. 1982 చివర్లో ‘డిస్కో డాన్సర్’. అక్కడ పాడె కట్టిన సంగీతానికి ఇక్కడ పల్లకీ పట్టాం.)

ఆ పేలుడు వల్ల డిస్కో చచ్చిపోయిందని కొందరు, అప్పటికే చచ్చిందని కొందరు వాదిస్తారు. మన కథకి కావాల్సింది దాని పర్యవసానం. పెద్ద రికార్డు కంపెనీలు డిస్కోని వదిలించుకున్నాయి. వేగంగా సాగే కొత్త డాన్సు పాటలు రావడం తగ్గిపోయింది. వారం వారం వందలమందిని తెల్లవార్లూ ఆడించాల్సిన ఫ్రాంకీకి సరుకు కరువైంది. దాంతో పాత పాటల్నే విప్పి మళ్ళీ కుట్టడం మొదలుపెట్టాడు. ఎరాస్మో రివేరా అనే స్నేహితుడికి శబ్ద సాంకేతికత తెలుసు. ఇద్దరూ కలిసి రీలు టేపు మీద పాటని రికార్డు చేసి, బ్లేడుతో కోసి, కావలసిన ముక్కల్ని అతికించేవాళ్ళు. గాత్రం తప్పుకుని దరువూ, బేస్ గిటారూ మాత్రం మిగిలే చోటు పాటలో ఉంటుంది కదా, జనం ఊగిపోయేది అక్కడే. ఆ ఎనిమిది మాత్రల్ని రెండింతలు, నాలుగింతలు చేసేవాళ్ళు. గాయని రావడాన్ని ఆలస్యం చేసేవాళ్ళు. ఏ ముక్క పెంచాలో, ఏది తుంచాలో చెప్పింది ఎవరు? పోయిన శనివారం ఫ్లోరు మీద కాళ్ళు ఎక్కడ ఆగాయో, ఎక్కడ రెచ్చిపోయాయో ఫ్రాంకీ చూశాడు. మూడు నిమిషాల పాట పది నిమిషాలైంది ఆ కొలతతోనే. ఆ కాళ్ళ జ్ఞాపకాల్ని అభిమానుల ముచ్చట్లుగా పక్కన పెట్టలేకపోవడానికి కారణం ఇదే. వాళ్ళు సంగీతాన్ని విన్నవాళ్ళు మాత్రమే కాదు, దాని తయారీలో చెయ్యి ఉన్నవాళ్ళు.

ఈ సంగీతానికి ‘హౌస్’ అన్న పేరు ఎలా వచ్చిందో రెండు ముక్కల్లో తేల్చేస్తాను. సౌత్ ప్లిమత్ కోర్టులో ‘ఇంపోర్ట్స్ ఎట్‌సెట్రా’ అనే రికార్డుల దుకాణం ఉండేది. అక్కడ కొన్ని రికార్డుల మీద ‘వేర్‌హౌస్‌లో విన్నది’ అని చీటీ పెట్టేవాళ్ళు, అది కుదించుకుపోయి ‘హౌస్’ అయింది. దక్షిణ పేటల్లో ఒక బారు కిటికీలో ‘ఇక్కడ హౌస్ సంగీతం వేస్తాం’ అన్న బోర్డు చూసి, ఇదేమిటని అడిగితే, నువ్వు వేసేదే అని స్నేహితులు చెప్పారని ఫ్రాంకీ కథ. ఇంట్లో కూర్చుని చేసిన సంగీతం కాబట్టి హౌస్ అన్నవాళ్ళూ ఉన్నారు. మొదటిదే బలంగా కనిపిస్తుంది. తండ్రి ఎవరో తేలని బిడ్డకి తండ్రులమని చెప్పుకునేవాళ్ళు పెరగడం, బిడ్డ పెద్దవాడయ్యాకే జరుగుతుంది.

1982లో విలియమ్స్ సభ్యత్వ పద్ధతి ఎత్తేసి, ప్రవేశ రుసుము రెట్టింపు చేశాడు. అదే ఏడాది చివర్లో ఫ్రాంకీ వెళ్ళిపోయి, మరుసటి ఏడాది ‘పవర్ ప్లాంట్’ అనే సొంత క్లబ్ తెరిచాడు. జనంలో చాలామంది అతని వెంట నడిచారు. విలియమ్స్ ‘మ్యూజిక్ బాక్స్’ పేరుతో కొత్తగా మొదలుపెట్టి, రాన్ హార్డీని తెచ్చుకున్నాడు. అప్పటి నుంచి షికాగో రెండు శిబిరాలు. ఇవాళ్టికీ ఆ తరంవాళ్ళని కదిపితే, ఫ్రాంకీనా రానా అని తేల్చుకోకుండా మాట ముందుకు సాగదు.

హార్డీ 1974లోనే ‘డెన్ వన్’ అనే షికాగో క్లబ్‌లో పాటలు వేసిన మనిషి, కొన్నాళ్ళు లాస్ ఏంజెలెస్‌లో ఉండి తిరిగొచ్చాడు. ఫ్రాంకీ పాటకీ పాటకీ మధ్య అతుకు తెలియనివ్వడు, రాత్రిని మెల్లగా వేడెక్కిస్తాడు. హార్డీ అలా కాదు. రికార్డు వేగం పెంచేసేవాడు, చెవులు దిమ్మెక్కేంత శబ్దం పెట్టేవాడు, రీలుని తిరగేసి పాటని వెనక నుంచి ముందుకు వినిపించేవాడు. నచ్చిన ముక్కని పదేపదే తిప్పేవాడు. మ్యూజిక్ బాక్స్ తర్వాత మిషిగన్ అవెన్యూ కిందికి మారింది. షికాగో నడిబొడ్డున రోడ్లకీ అంతస్తులుంటాయి. పైన దుకాణాలూ పర్యాటకులూ, కింద లారీలూ సిమెంటు స్తంభాలూ. అలాంటి కింది రోడ్డు పక్కన, దాదాపు దీపాల్లేని గదిలో, జనం స్పీకర్లని కౌగిలించుకుని డాన్సు చేశారని చెబుతారు.

హార్డీ ఎంత వేగంగా వేసేవాడో అభిమానుల కథలు ఒకదాన్ని మించి ఒకటి ఉంటాయి. రుజువుగా మ్యూజిక్ బాక్స్ క్యాసెట్లు చూపిస్తారు. విని చూస్తే నిజంగానే గాయనుల గొంతులు పిల్లల గొంతుల్లా సన్నబడిపోయి ఉంటాయి. కానీ క్యాసెట్ నుంచి క్యాసెట్‌కి పదిసార్లు కాపీ అయిన టేపు, రికార్డు చేసిన యంత్రం కాస్త నెమ్మదిగా తిరిగినా, ఆ తర్వాత వినేటప్పుడు వేగంగానే వినిపిస్తుంది. కాబట్టి అంకె మాత్రం అడగొద్దు. వేగం ఉండేదన్నదాన్ని రెండు శిబిరాలూ ఒప్పుకుంటాయి, అది చాలు. ఫ్రాంకీ పక్షం దాన్ని తప్పుగా చెబుతుంది, రాన్ పక్షం గొప్పగా.

ఇక మ్యూజిక్ బాక్స్‌లో ఒక రాత్రి సంగతి. రోలాండ్ అనే జపాన్ కంపెనీ 1981లో టీబీ–303 అనే చిన్న పెట్టె చేసింది. బేస్ గిటారు వాయించేవాడు దొరకని గిటారిస్టులు ఇంట్లో సాధన చేసుకోవడానికి. అది గిటారులా వినిపించలేదు, అమ్ముడూ పోలేదు, 1984కల్లా తయారీ ఆపేశారు. పాత సరుకుగా చవకగా దొరికిన ఆ పెట్టె షికాగోలో డీజే పియెర్, స్పాంకీ, హెర్బ్ జె అనే ముగ్గురు కుర్రాళ్ళ చేతికొచ్చింది. దాన్ని ఎలా వాడాలో సరిగా తెలియదు. శబ్దం నడుస్తుండగానే మీటలు అటూ ఇటూ తిప్పారు. కీచుమని, గురగురమని, నీళ్ళలో మునిగి తేలుతున్నట్టు ఏదో వచ్చింది. దాని కింద డ్రమ్ మెషీన్ దరువు పెట్టి, టేపు చేసి, హార్డీకి ఇచ్చారు.

మొదటిసారి వేస్తే ఫ్లోరు ఖాళీ అయింది. హార్డీ కాసేపాగి మళ్ళీ వేశాడు, కొందరు నిలబడ్డారు. మూడోసారికి జనం ఊగారు. నాలుగోసారి, తెల్లవారుజాము దాటాక, పిచ్చెత్తిపోయారు. పియెర్ చెప్పిన లెక్క ఇదే, అక్కడున్నవాళ్ళు చెప్పేదీ దాదాపు ఇదే. మన పద్యనాటకాల్లో జనం ‘వన్స్ మోర్’ అంటే నటుడు అదే పద్యం, అదే రాగం మళ్ళీ ఎత్తుకుంటాడు. ఇక్కడ జనం వద్దన్నారు. వేసేవాడే వన్స్ మోర్ అన్నాడు, అదీ మూడుసార్లు. చివరికి ఒప్పుకున్నదీ, పేరు పెట్టిందీ మాత్రం జనమే. చేసినవాళ్ళు తమ టేపుకి వేరే పేరేదో అనుకుంటుండగానే, ఊళ్ళో అది ‘రాన్ హార్డీ యాసిడ్ ట్రాక్’ అయి కూర్చుంది. 1987లో ఫ్యూచర్ బృందం పేరుతో ట్రాక్స్ కంపెనీ విడుదల చేసినప్పుడు ‘యాసిడ్ ట్రాక్స్’ అనే అచ్చేశారు. ఆ రాత్రి మంచినీళ్ళలో ఎవరో ఎల్‌ఎస్‌డీ (వాడుకలో దాన్నీ యాసిడ్ అంటారు) కలిపారని, అందుకే ఆ పేరని ఒక కథ ఉంది. సాక్ష్యం లేదు, కథ మాత్రం చావదు.

ఇక్కడ మన దేశం మాట ఒకటి చెప్పాలి. అదే టీబీ–303 పెట్టెతో, అదే కంపెనీ టీఆర్–808 డ్రమ్ మెషీన్‌తో, 1982లో బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ ఒక ఎల్పీ చేశాడు. హిందీ సినిమా పాటల్లో ఎన్నో వాద్యాలు వాయించిన మనిషి. పది రాగాల్ని డిస్కో దరువు మీద పెట్టాడు. 2010లో ఆ రికార్డు మళ్ళీ విడుదలైనప్పుడు ప్రపంచమంతా నివ్వెరపోయింది. షికాగోకి ఐదేళ్ళ ముందే యాసిడ్ హౌస్ బొంబాయిలో పుట్టిందని పత్రికలు రాశాయి. శబ్దం మటుకు నిజంగానే అంత దగ్గరగా ఉంటుంది. అయినా పుట్టిందనడానికి నాకు మనసొప్పదు. చరణ్‌జిత్ సింగ్ దగ్గర యంత్రాలున్నాయి, విద్య ఉంది, షికాగో కుర్రాళ్ళకి లేని రాగజ్ఞానం ఉంది. వారం వారం అదే గదికి వచ్చి, మొదటిసారి కాదని నాలుగోసారి అవునని చెప్పే జనం లేరు. ఎల్పీ అమ్ముడుపోలేదు, ఆయన పెళ్ళిళ్ళలో, పార్టీల్లో పాత సినిమా పాటలు వాయించుకుంటూ ఉండిపోయాడు. 2015లో కన్నుమూశాడు.

మళ్ళీ షికాగోకి వస్తే, క్లబ్బుల్లోకి రాలేనివాళ్ళకి రేడియో ఉండేది. డబ్ల్యూబీఎంఎక్స్ అనే ఎఫ్‌ఎం స్టేషన్ 1981లో ఐదుగురు డీజేలని కూర్చి ‘హాట్ మిక్స్ ఫైవ్’ అని పేరు పెట్టింది: ఫార్లీ, మికీ ఆలివర్, రాల్ఫీ రొజారియో, కెనీ జేసన్, స్కాట్ సిల్జ్. శనివారం రాత్రి ఆ కార్యక్రమం అయ్యేదాకా ఇంట్లోంచి కదిలేవాళ్ళం కాదని, ఖాళీ క్యాసెట్ పెట్టి, ప్రకటన రాగానే బటన్ నొక్కి ఆపేవాళ్ళమని ఒక తరం మొత్తం చెబుతుంది. సోమవారం బడిలో ఆ క్యాసెట్లు చేతులు మారేవి. దక్షిణ పేటలో మెండెల్ కాథలిక్ హైస్కూలు వ్యాయామశాలలో పెట్టే డాన్సు పార్టీలకి పిల్లలు వెల్లువెత్తేవాళ్ళు. వేన్ విలియమ్స్ 1977లో మొదలుపెట్టిన ‘చోజెన్ ఫ్యూ’ డీజేల బృందం అలాంటి కుర్రకారుదే. ఆ బృందంలోని జెస్సీ సాండర్స్ తన రికార్డుల పెట్టె దొంగలపాలై, తనకెంతో ఇష్టమైన పాట పోయిందని, దాన్ని పోలింది తనే చేసుకున్నాడు. విన్స్ లారెన్స్, బేస్‌బాల్ మైదానంలో సీట్లు చూపించిన ఆ పిల్లవాడే, అందులో చెయ్యి వేశాడు. 1984లో వచ్చిన ఆ ‘ఆన్ అండ్ ఆన్’నే మొదటి హౌస్ రికార్డు అంటారు. చాలా సాదా పాట. ఇది మనమూ చేయగలమే అని వందమందికి అనిపించింది దాని సాదాతనం చూసే. రాత్రి డ్యూటీలో తపాలా పనిచేసే మార్షల్ జెఫర్సన్ లాంటివాళ్ళు అప్పు చేసి యంత్రాలు కొన్నారు.

వాళ్ళ పాటలు అచ్చేసిన ట్రాక్స్ కంపెనీ రికార్డులు కొత్తవే అయినా చిటపటలాడేవి. యజమాని లారీ షెర్మన్ పాత రికార్డుల్ని కరిగించి, ఆ ముద్దతోనే కొత్తవి అచ్చువేసేవాడని అందరూ చెప్పే మాట. ఆ చిటపట లేకుండా వింటే ఆ పాటలు తమవి కానట్టే ఉంటాయని అభిమానులు ముచ్చటగా చెప్పుకుంటారు. పాడినవాళ్ళకి మాత్రం ముచ్చటేం లేదు. తమకి రావలసిన డబ్బు రాలేదని లారీ హర్డ్, రాబర్ట్ ఓవెన్స్ 2020లో కోర్టుకెళ్ళి, 2022లో రాజీ మీద తమ పాటల హక్కులు వెనక్కి తెచ్చుకున్నారు. ముప్ఫై అయిదేళ్ళకు పైగా పట్టింది.

ఇప్పుడు ఈ జ్ఞాపకాల్లోని పెద్ద ఖాళీ గురించి. షికాగో హౌస్ కథని ఈరోజు ఎక్కువగా చెబుతున్నది ఎవరు? మెండెల్ పార్టీలకి వెళ్ళిన, రేడియో విని క్యాసెట్లు నింపుకున్న తరం. వాళ్ళలో చాలామంది గే కాదు. 1980ల్లో బడి పిల్లలు, ఇప్పుడు తాతలు. వాళ్ళ కథలో హైస్కూలుంటుంది, పేటలుంటాయి, రేడియో యుద్ధాలుంటాయి. 1977లో జెఫర్సన్ వీధి మెట్లెక్కిన మొదటి తరం, వాళ్ళకన్నా పది పన్నెండేళ్ళు పెద్ద. 1980ల మొదట్లో ఎయిడ్స్ వచ్చింది. ఏ గదిలో ఎవరు తగ్గిపోతున్నారో శనివారం శనివారం కనిపించింది. న్యూయార్క్ పారడైజ్ గరాజ్ యజమాని మైకేల్ బ్రోడీ క్లబ్ మూసిన రెండు మూడు నెలలకే, 1987 డిసెంబరులో, ఆ జబ్బుతోనే పోయాడు. రాన్ హార్డీ హెరాయిన్‌కి బానిసై, 1992 మార్చిలో 33 ఏళ్ళకి, లారీ లెవాన్ అదే ఏడాది నవంబరులో 38 ఏళ్ళకి పోయారు. హార్డీ తన గురించి చెప్పుకున్నది దాదాపు ఏమీ మిగల్లేదు. అతని గురించి మనకి తెలిసిందంతా అతని ముందు డాన్సు చేసినవాళ్ళు చెప్పిందే.

కాబట్టి, ఈ సంగీతాన్ని వ్యాప్తి చేసింది బడిపిల్లలే అన్నది నిజమైనా, మొదలుపెట్టిందీ వాళ్ళే అన్నట్టు కథ జరుగుతుంటే ఒప్పుకోకూడదు. చెప్పడానికి మిగిలినవాళ్ళ సంఖ్యని బట్టి చరిత్ర వాటాలు పంచితే, అకాలంగా పోయినవాళ్ళకి అన్యాయం రెండోసారి జరుగుతుంది. ఇలా అన్నంత మాత్రాన బతికున్నవాళ్ళు అబద్ధాలాడుతున్నారని కాదు. ఎవరి గుమ్మం వాళ్ళకి గుర్తుంటుంది.

అంతా కట్టగట్టుకుని కూలింది 1987–88లో. పళ్ళరసం అమ్మే క్లబ్బులు కూడా బార్లు మూసే వేళకే మూయాలని నగరం నియమం తెచ్చింది. తెల్లవారేదాకా నడిచే రాత్రికి చట్టం తలుపేసింది. మ్యూజిక్ బాక్స్ మూతపడింది. డబ్ల్యూబీఎంఎక్స్ 1988లో గాలిలోంచి మాయమైంది. ఫ్రాంకీ న్యూయార్క్ వెళ్ళిపోయాడు. వింత ఏమిటంటే, 1987 జనవరిలో షికాగోవాడు స్టీవ్ హర్లీ చేసిన ‘జాక్ యువర్ బాడీ’ బ్రిటన్‌లో మొదటి స్థానంలో ఉంది. సొంతూళ్ళో వేయడానికి చోటు కరువైన సంగీతం పరాయి దేశంలో అందరికన్నా పైన కూర్చుంది.

నగరం మనసు మార్చుకోవడానికి పదిహేడేళ్ళు పట్టింది. 2004 ఆగస్టు 25న జెఫర్సన్ వీధిలో ఆ ముక్కకి ఫ్రాంకీ నకల్స్ పేరు పెట్టారు. దానికి సాయపడ్డవాళ్ళలో అప్పటి ఇల్లినాయ్ రాష్ట్ర సెనేటర్ ఒకాయన ఉన్నాడు, బరాక్ ఒబామా. ఫ్రాంకీ 2014 మార్చి 31న పోయాక అతని రికార్డులు దక్షిణ షికాగోలో పాత బ్యాంకు భవనాన్ని బాగుచేసి పెట్టిన స్టోనీ ఐలండ్ ఆర్ట్స్ బ్యాంకుకి చేరాయి. వాటిలో కొన్నింటి అట్టల మీద అతని చేతిరాత ఉంది.

చోజెన్ ఫ్యూవాళ్ళు 1990లో జాక్సన్ పార్క్‌లో, సైన్స్ మ్యూజియం వెనక, కుటుంబాలతో ఒక చిన్న పిక్నిక్ పెట్టుకున్నారు. బొగ్గు పొయ్యిలు, మడత కుర్చీలు, రెండు టర్న్‌టేబుళ్ళు. జూలై 4 పండగ రోజుల్లో ఏటేటా సాగుతూ అది వేలకి వేల మంది వచ్చే జాతరైంది. అక్కడ అరవై ఏళ్ళావిడ మోకాలికి పట్టీ కట్టుకుని డాన్సు చేస్తుంది, పక్కన మనవడు డీజే బల్ల వైపు ఎగబడుతుంటాడు. ఫ్రాంకీనా రానా అన్న గొడవ చెట్టు కింద ఇంకా నడుస్తూనే ఉంటుంది.

వచ్చే విడతలో అట్లాంటిక్ దాటుతాం. 1987 వేసవిలో పాల్ ఓకెన్‌ఫోల్డ్, డానీ ర్యాంప్లింగ్, నికీ హాలోవే, జానీ వాకర్ అనే నలుగురు లండన్ కుర్రాళ్ళు ఇబీజా దీవికి సెలవులకి వెళ్ళారు. తిరిగొచ్చాక ర్యాంప్లింగ్ దక్షిణ లండన్‌లో ఒక వ్యాయామశాల అద్దెకు తీసుకుని, శనివారం రాత్రి పొగ యంత్రం పెట్టి షికాగో రికార్డులు వేశాడు. ఆ తర్వాత బ్రిటిష్ పార్లమెంటు దాకా పాకిన గొడవ ఆ గదిలోంచే మొదలైంది.